ముందు నోరు చూపించండి, మాట సంగతి తర్వాత

పారిస్‌లో సెన్ నది ఒడ్డున, కోంతీ రేవు మీద, గుమ్మటమున్న మేడ ఒకటుంది. లోపల నలభై కుర్చీలు. కుర్చీకొక అమరుడు. వెటకారంగా అంటున్నాననుకునేరు, ఆ పెద్దలకు లోకమిచ్చిన బిరుదే అది. పచ్చ దారంతో ఆకులల్లిన కోటు, నడుముకు కత్తి. 1635లో కార్డినల్ రిష్‌ల్యూ ఈ అకాదెమీ ఫ్రాన్సేజ్‌ను పెట్టింది మొదలు వీళ్లకప్పగించిన పని ఫ్రెంచి భాషకు కాపలా కాయడం. దాదాపు నాలుగు శతాబ్దాల్లో ఆ కత్తితో ఒక్క అచ్చుతప్పునైనా నరికిన దాఖలా లేదు గానీ, ఠీవికేం తక్కువ లేదు. ఆ నలభైలో ఒక్క కుర్చీ ఆడమనిషికి ఇవ్వడానికి 1980 దాకా ఆలోచించారు. అమరులు కదా, తొందరేముంది?

నిఘంటువు సంగతీ అంతే. తొమ్మిదో కూర్పు మొదటి సంపుటం 1992లో వచ్చింది, చివరిది 2024లో. ఈలోగా ఫ్రాంకు పోయి యూరో వచ్చింది, ఉత్తరం పోయి ఈమెయిలు వచ్చింది, మొదటి అక్షరం దగ్గర కూర్చున్న అమరుల్లో చాలామంది చివరి అక్షరం చూడకుండానే కాలం చేశారు. 2011లో వచ్చిన మూడో సంపుటం ఏ మాటతో మొదలవుతుందో తెలుసా? "మాక్‌రో". కంగారు పడకండి, ఇప్పటి అధ్యక్షుడి పేరు కాదు. ఆయన పేరు చివర ముక్కుతో పలికే తోక ఉంటుంది. ఈ తోకలేని మాక్‌రోకి ఒక అర్థం సముద్రపు చేప. రెండో అర్థం తార్పుడుగాడు. కత్తులు కట్టుకుని కాపలా కాసిన పుస్తకానికి గుమ్మంలోనే తార్పుడుగాడు స్వాగతం చెబుతున్నాడన్నమాట. అక్షరక్రమానికి సిగ్గూ ఎగ్గూ ఉండవు.

కాపలా మాత్రం గట్టిదే. 2020లో జనం మార్చి నుంచి తలుపులేసుకుని ఇళ్లలో కూర్చుని "ల కోవిద్" అంటూ దాన్ని పుంలింగంగా వాడేస్తుంటే, మే నెలలో అకాదెమీ గొంతు సవరించుకుంది. రోగం అనే మాట ఫ్రెంచిలో స్త్రీలింగం కనుక కోవిడ్ కూడా స్త్రీయేనట. "లా కోవిద్" అనాలట. జనం మాస్కులోంచే ఒక చూపు చూసి మళ్లీ "ల కోవిద్" అన్నారు. 2013లో ప్రభుత్వ గెజెట్టు హ్యాష్‌ట్యాగ్‌ను బహిష్కరించి "మో దియేజ్" అనే మాటను గద్దెనెక్కించింది. దియేజ్ అంటే సంగీతంలో స్వరాన్ని పెంచే గుర్తు. హ్యాష్ గుర్తు వేరు, అది వేరు. పరాయి మాటను తరిమే తొందరలో గుర్తు ఏదో కూడా చూసుకోలేదు. 1994లో ఇంగ్లీషును వాణిజ్య ప్రకటనల నుంచీ ఆఫీసుల నుంచీ వెళ్లగొట్టే చట్టం తెచ్చిన మంత్రిగారు జాక్ తూబోన్. "తూ బోన్" అంటే అంతా మంచిదే. ఇంకేం, పత్రికలవాళ్లు ఆయనకు "మిస్టర్ ఆల్‌గుడ్" అని ఇంగ్లీషులోనే నామకరణం చేసి ఊరేగించారు.

ఇదంతా ముందు గుమ్మం సంగతి. ఆ గుమ్మం దగ్గర నలభై కత్తులు కాపలా కాస్తుంటే, ఫ్రెంచి భాషకు కూడూ నీళ్లూ ఆరు వందల ఏళ్లుగా పెరటి గోడ దూకి వస్తున్నాయి. మోసుకొచ్చినవాళ్లు దొంగలు, కసాయివాళ్లు, సిపాయిలు, సంచారులు, వలసవచ్చినవాళ్ల పిల్లలు. మోసుకొచ్చేటప్పుడు వాళ్ల వీపు మీద దెబ్బ పడుతుంది. సరుకు మాత్రం లోపలికి తీసుకుంటారు. తర్వాత అదే సరుకు ఎలిజే భవనంలో అధ్యక్షుడి నోట వస్తే, ఆహా, ఎంత పలుకుబడి, ఎంత మట్టివాసన అని సంపాదకీయాలు రాస్తారు. ఆ దేశంలో మాటకు శిక్షో సన్మానమో తేల్చేది మాట కాదు, పలికిన నోరు.

దొంగల మాటలకు మొట్టమొదట పట్టిక కట్టింది ఏ పండితుడూ కాదు. 1455లో దిజోన్ పట్టణంలో కొకియార్లనే ముఠాని పట్టుకున్నారు. యాత్రికుల్లా గవ్వ చిప్ప తగిలించుకుని తిరుగుతూ జేబులు కొట్టే బాపతు. వాళ్లు లోపల్లోపల మాట్లాడుకునే భాష ఎవరికీ అంతుపట్టకపోతే, ఓ మంగలిని పిలిపించి అర్థాలు చెప్పించుకుని, ప్రభుత్వ న్యాయవాదే మాటల పట్టీ రాయించాడు. ఫ్రెంచి యాసమాటల తొలి కోశం అలా కేసు కాగితంగా పుట్టింది. దోషుల్లో కొందరికి ఉరి పడింది, వాళ్ల మాటలకు దస్త్రంలో భద్రత దొరికింది. అదే కాలంలో ఫ్రాన్స్వా వియోన్ ఆ దొంగభాషలో ఏకంగా బాలడ్‌లు రాశాడు. ఆయన కూడా కోర్టుకు బాగా తెలిసినవాడే. ఇవాళ ఆయన విశ్వవిద్యాలయాల్లో పాఠ్యాంశం.

నాలుగు వందల ఏళ్లు పోయాక విదోక్ వచ్చాడు. జైలు నుంచి పారిపోయిన ఖైదీ పోలీసు వేగులకు పెద్దయ్యాడు. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు గానీ, పారిస్ పోలీసులు ఆ దొంగకే జీతమిచ్చి పెట్టుకున్నారు. ఆయన 1830ల్లో దొంగల గురించి పుస్తకం రాసి అందులో వాళ్ల మాటలకు నిఘంటువు జోడించాడు. బాల్జాకూ హ్యూగోలాంటి మహారచయితలు ఈ వీధిభాషను నవలల్లోకి తెచ్చుకున్నారు. పోలీసు స్టేషన్ నుంచి సాహిత్యంలోకి దారి అంత దగ్గర.

కసాయివాళ్లది ఇంకో విద్య. పారిస్ మాంసం దుకాణాల్లో కొనేవాడికి అర్థం కాకుండా మాట్లాడుకోవడానికి "లూషెబెమ్" అనే భాష పుట్టింది. మాట మొదటి హల్లును తీసి చివర పడేసి, దాని స్థానంలో "ల" పెట్టి, తోకకి ఓ చప్పుడు కట్టాలి. "బూషే" అంటే కసాయి, తిప్పితే లూషెబెమ్. "ఈ ముక్క నిన్నటిది, ఆవిడకి అంటగట్టెయ్" అని ఆవిడ ఎదుటే చెప్పుకోవడానికి ఇంతకన్నా సదుపాయం ఏముంటుంది? ఈ పద్ధతిలో "ఫూ", అంటే పిచ్చివాడు, "లూఫోక్" అయ్యాడు. లూఫోక్ ఇప్పుడు పరమ మర్యాదస్తుడు, సినిమా సమీక్షల్లో విచిత్రమైన హాస్యానికి విశేషణం. ఆ విశేషణం వాడే విమర్శకుడికి తన కలం మీద కసాయి కత్తి వాసన వస్తోందని తెలీదు.

ఇక వెర్లాన్. మన పిల్లలు పెద్దవాళ్ల ముందు ప్రతి అక్షరానికీ "క" తగిలించి "కనుకవ్వు కరా" అని మాట్లాడుకుంటారు చూడండి, ఆ జాతిదే. తలకిందులు అనడానికి ఫ్రెంచిలో "లాన్‌వేర్". దాన్నే తలకిందులు చేస్తే వెర్లాన్. అంటే ఆ ఆటకు పేరు కూడా ఆటలోంచే వచ్చింది. "ఫామ్", స్త్రీ, తిరగబడి "మఫ్". "ఫ్లిక్", పోలీసు, "కఫ్". "లూష్", అనుమానాస్పదం, "షలూ". "ఫూ" మళ్లీ ఇక్కడ దొరికాడు, ఈసారి "ఊఫ్"గా. "మెర్సీ" కాస్తా "సిమేర్". "పూరీ", అంటే కుళ్లిపోయినది, "రిపూ" అయింది. లంచం తినే పోలీసుకి ఆ పేరు. 1984లో క్లోద్ జిదీ ఆ పేరుతోనే, బహువచనం పెట్టి, సినిమా తీశాడు. జనం విరగబడి చూశారు, మరుసటేడు జాతీయ పురస్కారాల్లో ఉత్తమ చిత్రమైంది. అకాదెమీ పెద్దలు ఆ ఏడాది ఏ అక్షరం మీద ఉన్నారో వాళ్లకే తెలియాలి.

ఈ తిరగేసే ఆటలో నవ్వు మాత్రమే లేదు. "అరబ్" అనే మాట తిరగబడి "బర్" అయింది. ఉత్తర ఆఫ్రికా నుంచి వచ్చి కార్ఖానాల్లో ఒళ్లు హూనం చేసుకున్నవాళ్లకు ఫ్రాన్సులోనే పుట్టిన పిల్లలు, జనం ఛీత్కారంగా వాడుతున్న మాటను తిప్పికొట్టి తమ పేరుగా పెట్టుకున్నారు. 1983 శరత్కాలంలో సమానత్వం కోసమూ జాత్యహంకారానికి వ్యతిరేకంగానూ మార్సెయ్ నుంచి పారిస్ దాకా నడిచారు. నడక పేరు వాళ్లు పెట్టుకున్నది ఒకటి; పత్రికలు "బర్‌ల నడక" అని రాసి ఊరుకున్నాయి, సమానత్వం అనే మాట శీర్షికలో పట్టలేదు కాబోలు. ఆ తర్వాత బర్ అనే మాట మంత్రుల నోళ్లలో, టీవీ చర్చల్లో, నిఘంటువుల్లో కుదురుకుంది. పెద్దమనుషులు ముద్దుగా వాడటం మొదలెట్టగానే పేటల్లో కుర్రాళ్లు దాన్ని మళ్లీ తిరగేసి "రబ" చేశారు. సొంతిల్లు చేజారితే వెనక గదిలోకి మారినట్టు మారారు. అధికారులు అటు వచ్చేసరికి మాట ఖాళీ చేసి ఉంటుంది.

1985లో ఫ్రాన్స్వా మితెరాన్‌ను టీవీలో ఓ విలేకరి అడిగాడు, "షేబ్రాన్" అంటే ఏంటో తెలుసా అని. "బ్రాన్షే", అంటే కాలంతో కలిసి నడిచేవాడు, దానికి వెర్లాన్ రూపమిది. అరవై ఎనిమిదేళ్ల అధ్యక్షుడు తొణకలేదు, బెణకలేదు. చిన్నప్పుడు మేమూ అక్షరాలు తిప్పేవాళ్లమన్నాడు, పైగా ఆ మాట అప్పుడే పాతబడిపోయిందని, ఇప్పుడు "కాబ్లే" అనాలని దిద్దాడు. దేశం మురిసిపోయింది. అదే షేబ్రాన్‌ను ఉద్యోగం ఇంటర్వ్యూలో పేట కుర్రాడు అంటే ఏమవుతుందో మీరే ఊహించుకోండి.

మన దగ్గర ఇంటర్మీడియట్లో రెండో భాషగా ఫ్రెంచి తీసుకునే పిల్లలున్నారు. విక్టర్ హ్యూగో మీద ప్రేమతో కాదు, మార్కుల మీద ప్రేమతో. "కొమాన్ తాలే వూ", తమరు కుశలమా, దగ్గర మొదలై పారిస్ గోపుర వర్ణన దగ్గర ఆగుతుంది ఆ చదువు. అలాంటి నూటికి తొంభై ఎనిమిది బాపతు పిల్లవాడొకడు పై చదువుకని వెళ్లి, అద్దె చవకని పారిస్ ఉత్తరాన సేన్-సాన్-దెనీలో గది తీసుకున్నాడనుకోండి. మెట్ల దగ్గర పక్కింటి కుర్రాడు ఎదురై, "వెష్! షలూ మెక్ ఒకడు, మోన్ తెల్ షురావే చేశాడు, సె ఊఫ్!" అన్న ధోరణిలో ఏదో మొత్తుకుంటాడు. తొంభై ఎనిమిది మార్కులూ మెట్ల మీద దొర్లిపోతాయి. ఏ పాఠంలోనూ ఇది లేదు.

అయితే ఆ పిల్లవాడు టెక్స్టుబుక్కు పక్కన పడేసి అమ్మమ్మకి ఫోన్ చేస్తే సగం పని తీరుతుంది. షురావే అంటే దొంగిలించడం. అది రోమానీల మాట. రోమానీల భాష ఉత్తర భారతం నుంచి వెళ్లిన భాష. చోరుడు, చోరీ అన్న మన మాటలకు అది సొంత దాయాది. కత్తిని పాత పారిస్ రౌడీలు "సూరిన్" అనేవారు, అంతకుముందు "షూరిన్". మూలం రోమానీ "చూరి". 1842లో పత్రికలో సీరియల్‌గా మొదలై పారిస్‌ను ఊపేసిన యూజెన్ స్యూ నవలలో ఓ పాత్ర పేరే "షూరినర్", కత్తిపోట్లవాడు. మన చురకత్తికి అక్కడ అంత చరిత్ర ఉంది. ఇక "కిఫే". ఒకటంటే పిచ్చిగా ఇష్టపడటం, మజా చేయడం. అరబ్బీ "కైఫ్" నుంచి వచ్చింది. ఆ కైఫే ఉర్దూ దారిన తెలుగుకొచ్చి "కైపు" అయింది. డాక్టరుని "తూబీబ్" అంటారు. అల్జీరియాను ఆక్రమించిన సిపాయిలు ఇంటికి తెచ్చుకున్న అరబ్బీ తబీబ్ అది, హైదరాబాద్ ఉర్దూకు పాత నేస్తం. చోరీ, చురకత్తి, కైపు, తబీబు: నాలుగూ తెలిసిన పెద్దావిడ ఆ మెట్ల దగ్గర మనవడి కన్నా ఎక్కువ ఫ్రెంచి అర్థం చేసుకుంటుంది. మార్కులు ఎవరికి పడాలి చెప్పండి.

ఇక్కడొక్క క్షణం ఆగాలి. రోమానీలు పారిస్ పొలిమేరల్లో మొదటిసారి కనబడ్డది 1427లో. 2010 వేసవిలో అప్పటి అధ్యక్షుడు నికొలా సార్కోజీ ప్రభుత్వం వాళ్ల గుడిసెలు పీకించి, చేతిలో కొంత డబ్బు పెట్టి, ఎందరినో రొమేనియాకూ బల్గేరియాకూ విమానాలెక్కించింది. షురావే మాత్రం నిఘంటువులోనే ఉంది. దాన్ని ఏ విమానమూ ఎక్కించలేదు.

2004లో పంతొమ్మిదేళ్ల ఫాయిజా గెన్, పారిస్ శివారు పిల్ల, అరబ్బీనుంచి వచ్చిన రెండు మాటల మీద శ్లేష ఆడుతూ తన మొదటి నవలకు "కిఫ్ కిఫ్ దమాన్" అని పేరు పెట్టింది. కిఫ్-కిఫ్ అంటే రెండూ ఒకటే, తేడా లేదు. రేపూ ఇంతే అని నిట్టూర్పు. స్పెల్లింగ్ కాస్త మారిస్తే రేపటిని ప్రేమించు అని. ఆ పుస్తకం బోలెడు భాషల్లోకి వెళ్లింది. పచ్చకోటు కుట్టించుకోవడానికి మాత్రం ఆమెను ఎవరూ కొలతలడగలేదు.

మాటల్ని గెంటేయడం ఎంత సరదానో, లోపలికి వచ్చేశాక వాటికి దొంగ వంశవృక్షం కట్టడం అంతకన్నా సరదా. మోన్‌మార్త్ర్ గుట్ట మీద తెర్త్ర్ చౌకులో "లా మేర్ కాత్రీన్" అనే హోటలుంది. గోడకి ఫలకం: 1814 మార్చి 30న రష్యన్ కొజాక్కులు ఇక్కడే "బీస్త్రో" అని అరిచారనీ, అలా మన బిస్త్రోలకు పేరొచ్చిందనీ. రష్యన్లో బీస్త్రో అంటే త్వరగా. భలే కథ. చిక్కేమిటంటే, బిస్త్రో అనే మాట కాగితం మీద మొదటిసారి కనబడింది 1884లో. త్వరగా రమ్మన్న మాట రావడానికి డెబ్బై ఏళ్లు పట్టింది! భాషావేత్తలు మొత్తుకుంటూనే ఉన్నారు, ఇది ఏ మాండలికపు సారా దుకాణం మాటో అయ్యుంటుందని. ఎవరు వింటారు? పర్యాటకుడు ఫలకం కింద ఫోటో దిగి, లోపలికెళ్లి, ఉల్లిపాయల సూపుకి అక్కడ చెప్పిన ధర ఇచ్చుకుంటాడు. తన తాత మునసబు అని చెప్పుకోని కొత్త డబ్బున్నవాడు ఎక్కడుంటాడు?

నమ్మశక్యం కాని కథలేమో నిజాలు. తలుపు పైన తెరుచుకునే చిన్న కిటికీని ఫ్రెంచివాళ్లు "వజిస్తాస్" అంటారు. అది జర్మన్ "వాస్ ఇస్ట్ దాస్", అదేంటి అన్న ప్రశ్న, అచ్చంగా అలాగే. పద్దెనిమిదో శతాబ్దం నుంచీ ఉంది. తలుపు కొడితే కిటికీ సందులోంచి తొంగి చూసి అడిగే ప్రశ్నే కిటికీ పేరైపోయింది. దీనికి మాత్రం ఎవరూ ఫలకం వేయలేదు, జర్మన్లు కదా.

పొరుగువాళ్ల మీద వీళ్ల ప్రేమ సామెతల్లో చూడాలి. ఫ్రెంచి సరిగ్గా రానివాడు "స్పెయిన్ ఆవులా" మాట్లాడతాడు. తప్ప తాగినవాడు "పోలండువాడిలా" తాగాడు. విందులోంచి చెప్పకుండా జారుకుంటే "ఇంగ్లీషువాడి తీరున" జారుకున్నాడు. అదే పనిని ఇంగ్లీషువాళ్లు "ఫ్రెంచి సెలవు" అంటారు. కండోమ్ సంగతీ అదే. వీళ్లకది ఇంగ్లీషు కోటు, వాళ్లకది ఫ్రెంచి ఉత్తరం. ఛానెల్‌కి ఇటూ అటూ బురద ఒకటే, విసిరే చేతులే వేరు.

జంతువుల జోలికి నేను ఎక్కువ పోను. ఒకటి రెండు చాలు. రమ్మని చెప్పి రాకపోతే మనవాడు హ్యాండిచ్చాడంటాం. ఫ్రెంచివాడు "కుందేలు పెట్టాడు". పంతొమ్మిదో శతాబ్దంలో ఆ కుందేలుకు ఇంకా నీచమైన అర్థం ఉండేది, వేశ్య దగ్గరికెళ్లి డబ్బివ్వకుండా రావడం. మనసు దిగులుగా ఉంటే "బొద్దింక పట్టింది" అంటారు. ఆ బొద్దింక "కఫార్", అరబ్బీ కాఫిర్ సంతానం. అవిశ్వాసి కాస్తా కపట భక్తుడై, వెలుతురు తప్పించుకు తిరిగే పురుగై, చివరికి ఆఫ్రికా ఎండలో కాపలా కాసే సిపాయి గుండెల్లో దిగులైంది. పరాయి దేశాన్ని ఆక్రమించడానికి వెళ్లినవాడికి దిగులేసినా, దానికి పేరు ఆ దేశపు మాటే కావాల్సి వచ్చింది.

ఈ భాషలో జనానికి దక్కిన అసలైన అధికారం ఒకటుంది: దొరల పేర్లు పాడుచేయడం. 1759లో ఎత్యేన్ ద సిలువెత్ అనే ఆర్థికమంత్రి ఖర్చులు తగ్గిస్తానని, ధనికుల మీద పన్నులేస్తానని బయల్దేరాడు. ఏడాది కూడా నిలవలేదు. చౌకరకం, అసంపూర్తి సరుకు ఏదైనా "సిలువెత్ తరహా" అయిపోయింది, జేబుల్లేని పంట్లాంతో సహా. నీడబొమ్మకి ఆ పేరు అలాగే స్థిరపడింది. యూజెన్ పూబెల్ అనే పెద్ద అధికారి 1883లో పారిస్ ఇంటి యజమానులందరూ మూతలున్న చెత్తడబ్బాలు పెట్టాలని హుకుం జారీ చేశాడు. అంతేకాదు, చెత్తను మూడుగా వేరు చేయమన్నాడు! ఇవాళ మన మునిసిపాలిటీలు రెండు రంగుల బుట్టలిచ్చి చెబుతున్నది ఆయన నూట నలభై ఏళ్ల కింద చెప్పాడు. చెత్త ఏరుకు బతికేవాళ్లు పొట్ట కొట్టాడని తిట్టారు, యజమానులు ఖర్చని తిట్టారు, జనం చెత్తడబ్బాకి ఆయన పేరే పెట్టేశారు. రోజూ కోట్లమంది "పూబెల్‌లో పడెయ్" అంటారు. విగ్రహాలకన్నా ఇది గట్టి స్మృతి, కాకులు కూడా పాడుచేయలేవు.

1914లో మార్షల్ కాకముందు జనరల్ జోఫ్ర్, చేతకాని సేనాపతులను యుద్ధరంగం నుంచి పీకి దూరంగా లిమోజ్ పట్టణం వైపు పంపించాడు. "లిమొజే" చేయడం అంటే పదవి ఊడబీకడం అయింది. మనమైతే శంకరగిరి మాన్యాలు పట్టించారంటాం. పింగాణీ సామాను చేసుకుని బతికే లిమోజ్ ఊరివాళ్లు ఏ పాపం చేశారో. అలెక్సీ గొదియో అనే వ్యాపారి సైన్యానికి బూట్లు సరఫరా చేశాడు. ఆ మొద్దు బూట్లు "గొదియో"లు. తర్వాత అధ్యక్షుడు ద గాల్ వెనక కవాతు తొక్కుతూ, ఆయన తానా అంటే తందానా అనే పార్లమెంటు సభ్యులను కూడా గొదియోలే అన్నారు. ఆ బూట్లు ఇంకా అరగలేదు. ఏ దేశపు శాసనసభలో వెతికినా నాలుగు జతలు దొరుకుతాయి.

ఇప్పుడు అసలు మాటకొద్దాం. అయిదక్షరాల మాట, "మెర్ద్", అశుద్ధం. 1815లో వాటర్లూలో లొంగిపొమ్మని ఇంగ్లీషువాళ్లు అడిగితే జనరల్ కాంబ్రోన్ ఇచ్చిన జవాబు ఇదేనని లోకమంతా చెప్పుకుంటుంది. నేననలేదు మొర్రో అని ఆయన చచ్చేదాకా మొత్తుకున్నాడు. విక్టర్ హ్యూగో 1862లో "లే మిజెరాబ్ల్" నవలలో ఆ మాటకు ఏకంగా గుడి కట్టాడు, ఫ్రెంచివాడి నోట వచ్చిన మాటల్లో బహుశా అంత అందమైనది లేదన్నాడు. నాంత్ పట్టణంలో కాంబ్రోన్ విగ్రహం మీద మాత్రం, రక్షకదళం చస్తుంది గానీ లొంగదన్న మర్యాద వాక్యం చెక్కించారు. పారిస్ మెట్రోలో కాంబ్రోన్ పేరుతో ఓ స్టేషనుంది. నాటకం వేయబోయే నటులు ఒకరికొకరు శుభం పలకాలంటే ఆ మాటే అంటారు. ప్రేక్షకుల గుర్రపుబళ్లు ఎన్ని వస్తే వాకిట్లో అంత లద్దె అని దాని తాత్పర్యం.

సేనాపతి అంటే వీరత్వం, నటుడంటే శుభం. దేశాధినేత అంటే? 1968 మే విప్లవం వేళ ద గాల్ వీధుల్లో గొడవను "షియాన్‌లీ" అన్నాడు. కార్నివాల్ వేషగాడి పేరది. విడగొడితే పక్కలోనే పని కానిచ్చేవాడని. విద్యార్థులు రాత్రికి రాత్రే ఆయన బొమ్మేసి, షియాన్‌లీ ఆయనే అని పోస్టర్లంటించారు. 2018లో ఇమాన్యుయెల్ మాక్రోన్ పేదల సంక్షేమానికి "పొన్యోన్ ద దాంగ్" తగలేస్తున్నామన్నాడు, అంటే వెర్రెక్కిపోయేంత పైకం. ఆ వీడియోను బయటపెట్టింది శత్రువులు కాదు, ఆయన సిబ్బందే. పైకానికి ఫ్రెంచి వీధుల్లో గోధుమలు, పుల్లకూర అని ఇంకా పేర్లున్నాయి. దమ్మిడీ లేనివాడు నా దగ్గర ముల్లంగి కూడా లేదంటాడు. కూరగాయల బజారు మొత్తం పేదవాడిదే, పొన్యోన్ మాత్రం అధ్యక్షుడికి నచ్చింది. 2022 జనవరిలో ఓ పత్రిక ముందు ఆయనే, టీకా వేయించుకోనివాళ్లను "ఆమెర్దే" చేయాలని ఉందన్నాడు. కాంబ్రోన్ మాటకు క్రియారూపం. పార్లమెంటులో చర్చ ఆ రాత్రికి ఆగిపోయింది. మర్నాడు వ్యాఖ్యాతలు అది ఎన్నికల వ్యూహమన్నారు.

2005లో హోంమంత్రిగా ఉన్న సార్కోజీ శివారు కుర్రాళ్లను "రకాయ్", అలగా మూక, అన్నాడు. వాళ్లు ఆ మాటను ఎప్పుడో తిరగేసి "కాయ్‌రా" అని సరదాగా వాడుకుంటున్నారు. మంత్రి నోట అది సూటిగా వచ్చింది, సరదాగా రాలేదు. రెండు రోజులకు క్లిషీ-సు-బువాలో పోలీసులకు దొరక్కుండా కరెంటు సబ్‌స్టేషన్లో దాక్కున్న ఇద్దరు కుర్రాళ్లు షాకు కొట్టి చచ్చిపోయారు. మూడు వారాలు శివార్లు తగలబడ్డాయి.

అదే సార్కోజీ అధ్యక్షుడయ్యాక, 2008 ఫిబ్రవరిలో వ్యవసాయ ప్రదర్శనలో చెయ్యి కలపనన్నవాణ్ణి "కాస్-తువా, పోవ్ కోన్" అన్నాడు. దొబ్బెయ్‌రా దరిద్రుడా, అనుకోండి. అసలుది ఇంతకన్నా పచ్చిది. ఏ కేసూ లేదు. ఆగస్టులో లావాల్ పట్టణానికి ఆయన వస్తుంటే ఓ పౌరుడు సరిగ్గా ఆ మాటలనే చిన్న అట్ట మీద రాసి పట్టుకున్నాడు. సొంత కవిత్వం ఒక్క ముక్క లేదు, అంతా ఉటంకింపు. అయినా 1881 నాటి చట్టం దుమ్ము దులిపి, అధ్యక్షుణ్ణి అవమానించిన నేరానికి ముప్ఫై యూరోల జరిమానా వేశారు, అదీ అమలు నిలిపి. వ్యవహారం స్ట్రాస్‌బూర్ మానవహక్కుల కోర్టు దాకా వెళ్లింది. 2013 మార్చిలో ఆ కోర్టు, ఫ్రాన్సు భావస్వేచ్ఛకు భంగం కలిగించిందని తీర్పిచ్చింది. అయిదేళ్ల పాటు న్యాయమూర్తులు ఆ బూతు వాక్యాన్ని పదే పదే, గంభీరంగా, అక్షరం పొల్లుపోకుండా రాసుకున్నారు. అదే ఏడాది ఆగస్టులో పార్లమెంటు అధ్యక్షుణ్ణి అవమానించడమనే ప్రత్యేక నేరాన్నే ఎత్తేసింది.

పోలీసును అవమానించే నేరాన్ని మాత్రం ఎత్తేయలేదు. దానికి ఏడాది దాకా జైలు, పదిహేను వేల యూరోల దాకా జరిమానా. కాబట్టి, సేన్-సాన్-దెనీలో గది తీసుకున్న మన తొంభై ఎనిమిది మార్కుల నాయనా, మెట్ల మీద నేర్చుకున్న కొత్త ఫ్రెంచి ఎక్కడైనా ప్రయోగించాలని మరీ దురదగా ఉంటే, రోడ్డు పక్కన తాడు పట్టుకు నిలబడ్డ కానిస్టేబుల్ మీద వద్దు. కాస్త ఓపిక పట్టు. వెనకాల అధ్యక్షుడి కారొస్తుంది.